ఉక్కు ఊళ్లో అల్యూమినియం ముక్క

నేను 6061 రకం అల్యూమినియం కడ్డీ నుంచి కోసిన ముక్కని. ఉండేది భిలాయిలో, సుపేలాలోని ఓ లేత్ షాపులో. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగినప్పటి నుంచి ఈ ఊరికి లోహమంటే ఉక్కే. రైలు పట్టాలు చేసే ఊరాయె! అల్యూమినియం అంటే కోర్బా వాళ్ల సంగతి. నన్ను గిన్నెల రేకు అన్నవాళ్లూ ఉన్నారు. నాలో మెగ్నీషియం, సిలికాన్ ఉన్నాయి మరి. రెండూ కలిపి నూటికి రెండు పాళ్లు మించవు గానీ, నా పొగరంతా వాటిదే.

ఓనాడు నన్ను ఫర్నేస్‌లో పెట్టి 530 డిగ్రీలకి కాచారు. నేను కరగలేదు. ఆ రెండూ మాత్రం నాలో పూర్తిగా కలిసిపోయాయి. తీసి వెంటనే నీళ్లలో ముంచారు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో రిటైరైన మేస్త్రి ఆకురాయితో గీసి చూశాడు.

"ఏటిరా ఇది? నీళ్లలో ముంచితే గట్టిపడాల గదా, వెన్నలాగుంది!"

"ఇది ఉక్కు కాదు బాబాయ్, కొంచెం ఆగు" అన్నాడు షాపు కుర్రాడు.

కార్బన్ ఉన్న ఉక్కయితే ముంచిన క్షణంలోనే బిగుసుకుంటుంది. నాకు టైం కావాలి. ముంచినప్పుడు ఎక్కడివక్కడ ఇరుక్కున్న మెగ్నీషియం, సిలికాన్ పరమాణువులు తర్వాత మెల్లగా గుంపులు కడతాయి. లోహం వంగాలంటే లోపలి పరమాణువుల వరసలు జారాలి. ఆ గుంపులు జారనివ్వవు.

1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ ఈ తమాషా పట్టుకున్నాడు. రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియం ముంచాక మెత్తగానే ఉంది, కొన్నాళ్లాగి చూస్తే గట్టిపడింది. డ్యూరాలుమిన్ అలా పుట్టింది. ఆ గుంపుల జాడని ఎక్స్‌రేలతో గినియే, ప్రెస్టన్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారే పట్టుకునేసరికి 1938 వచ్చింది.

ఊరికే వదిలేస్తే నా గట్టితనం 65 బ్రినెల్ దగ్గర్లో ఆగుతుంది. కుర్రాడు నన్ను 175 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు ఉంచి, కాలేజీ ల్యాబ్‌కి పట్టుకెళ్లాడు. పది మిల్లీమీటర్ల గుండు, దానిమీద 500 కిలోల బరువు, కింద నేను. గుంట వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు దాటి కాస్త. అంటే 95కి అటూఇటూ. కాచి మెల్లగా చల్లార్చిన నా తోటి ముక్క మీద నాలుగున్నర పడింది!

అలాగని ఓవెన్లో మర్చిపోకండి. గుంపులు బాగా ముదిరితే ఒకదానికొకటి దూరమై దారి వదిలేస్తాయి, మళ్లీ మెత్తబడతాను. వెల్డింగ్ వేడిదీ అదే పని. నాతో చేసిన బ్రాకెట్టు విరిగితే అతికించుకోండి, కాదనను. కానీ అతుకు పక్కన పాత బలం ఉందనుకుని పాత బరువు మోపకండి. మళ్లీ 530కి కాచి, ముంచి, ఓవెన్లో పెడితే గానీ అది తిరిగి రాదు.