నగల పెట్టెలో తుపాకీ

కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వారి పుణ్యమా అని ఇక మనకు భయం లేదు. 2014లో ఆడవాళ్ల కోసమే నిర్భీక్ వచ్చేసిందిగా! పాయింట్ 32 రివాల్వర్, ఆరు గుళ్లు, అరకిలో బరువు. హ్యాండ్‌బ్యాగులో ఇట్టే ఇమిడిపోతుందట. నా బ్యాగులో టిఫిన్ డబ్బా, గొడుగు, నిన్నటి కరివేపాకు దాటుకుని కండక్టరు అడిగిన బస్ పాసే ఓ పట్టాన బయటికి రాదు.

అన్నిటికన్నా నన్ను మురిపించింది ఆ పెట్టె. తుపాకీని మెరూన్ రంగు నగల పెట్టెలో పెట్టి ఇస్తారట! ఆడదానికి ఏదైనా అమ్మాలంటే అలాగే ఇవ్వాలని కనిపెట్టిన మహానుభావుడికి, మన ఇళ్లలో నగల పెట్టె ఎక్కడుంటుందో తెలిసినట్టు లేదు. బ్యాంకు లాకర్లో!

నిర్భీక్ కూడా అక్కడికే పోతుంది. పెళ్లిళ్లకు తీస్తాం, మర్నాడే పెట్టేస్తాం. "అంత ఖరీదైనది బస్సులో తీసుకెళ్తావుటే? దొంగలు కొట్టేస్తారు" అంటారు మా అత్తగారు.

ఆ మాటా నిజమే. 2014లో వచ్చినప్పుడు దాని ధర 1,22,360 రూపాయలు, అంటే అప్పటి లెక్కన సుమారు నాలుగు తులాల బంగారం. గాజులు తాకట్టు పెట్టి తుపాకీ కొనుక్కుంటే, ఖాళీ అయిన నగల పెట్టెలోకి అదే వచ్చి కూర్చుంటుంది. రేపు పెళ్లిచూపుల్లో వడ్డాణంతో పాటు దీన్నీ అడుగుతారు కాబోలు.

లైసెన్సు కోసం మాత్రం పోలీసుల చుట్టూ తిరగాలి. ఫిర్యాదు ఇవ్వడానికే జంకే చోటికి!

ఇక నవ్వడం నా వల్ల కాదు. 2012లో ఢిల్లీ బస్సులో సామూహిక అత్యాచారానికి గురై చచ్చిపోయిన పిల్లకు దేశం పెట్టుకున్న 'నిర్భయ' అనే పేరును తిప్పి సరుకు మీద అచ్చేశారు. ఆ బస్సులో దాడి చేసినవాళ్లు ఆరుగురు, ఇందులో ఆరు గుళ్లున్నాయి, లెక్క సరిపోయిందనా? ఢిల్లీ రోడ్ల మీద ఆ బస్సును ఆపాల్సింది ఎవరు? 2013 బడ్జెట్‌లో ప్రకటించిన వెయ్యి కోట్ల నిర్భయ నిధి ఎక్కడ? అత్యాచార కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు తెలిసినవాళ్లేనని నేర గణాంకాలు చెబుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చిన బాబాయికి ఒక చేత్తో కాఫీ ఇస్తూ రెండో చేత్తో గురిపెట్టాలా? కాపాడాల్సిన ప్రభుత్వమే కొట్టు తెరిచి, నీ ప్రాణం నువ్వే కొనుక్కోమంటోంది. సిగ్గుండాలి.

మా బస్టాపులో వీధి దీపం దసరా నుంచి వెలగడం లేదు. చీకటి పడ్డాక మా అమ్మాయి దిగేది అక్కడే. ముందు ఆ బల్బు ఇప్పించండి. నగల పెట్టె అక్కర్లేదు, అట్టపెట్టెలో ఇచ్చినా తీసుకుంటాం.