ఆజ్ఞలో పదో వంతు

దేవుణ్ణి దోచుకోవడానికి కత్తీ కటారీ అక్కర్లేదు. ఒకటో తారీఖున జీతం పడ్డాక అందులో పదో వంతు తీసి కవర్లో పెట్టకుండా, నెలకి సరిపడా బియ్యం, పప్పు తెచ్చుకుంటే చాలు. దోపిడీ పూర్తయినట్టే. ఈ సంగతి రాత్రి పూట తెలుగు టీవీలో దైవజనులు చెబుతారు. మలాకీ మూడో అధ్యాయం తెరుస్తారు, గొంతు పెంచుతారు, తెర మూలన క్యూఆర్ కోడు నిశ్శబ్దంగా తన సేవ తాను చేసుకుపోతూ ఉంటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పట్టాల వెంట బిలాస్‌పూర్ వచ్చి స్థిరపడ్డ మన రైల్వే కుటుంబాల ఇళ్లకి ఆ గొంతు చేరుతుంది. కట్నీ లైన్లో కోటా దాకా కూడా వస్తుంది. అక్కడ నైట్ డ్యూటీకి బయల్దేరుతున్న ట్రాక్‌మన్‌కి తాను పరలోకంలో కూడా చార్జిషీటు ఉన్నవాణ్ణని తెలుస్తుంది.

ఇంతకీ దశమభాగం అంటే ఏమిటి? పదో భాగం. అంతే. హీబ్రూలోనూ, గ్రీకులోనూ, లాటిన్‌లోనూ ఆ మాట పది అనే అంకె నుంచే పుట్టింది. ఇంగ్లీషువాళ్ల టైద్‌కి కూడా పాత ఇంగ్లీషులో అర్థం పదోది అనే. అందులో జీతం లేదు, కవరు లేదు, నూరంతల ఆశీర్వాదం అసలు లేదు. కానీ ఆ అంకె చుట్టూ మోషే ధర్మశాస్త్రం చాలా షరతులు పెట్టింది. ఏది ఇవ్వాలి, ఎవరివ్వాలి, ఎవరు తినాలి, ఏ ఏడు ఎవరికి పోవాలి అన్నీ రాసిపెట్టింది. మన ప్రసంగికులు ఆ షరతులన్నీ వదిలేసి అంకెను మాత్రం అతి జాగ్రత్తగా పట్టుకున్నారు. అంటే ఆజ్ఞలో వాళ్లు పాటించేది సుమారు పదో వంతు. ఆ లెక్కన వాళ్లు నియమం తప్పనట్టే!

కోటాలో రైలు దిగితే బోర్డు మీద కర్గీ రోడ్ అని ఉంటుంది. ఊరు కోటా, స్టేషన్ కర్గీ రోడ్. కొత్తవాళ్లు కంగారుపడి మళ్లీ రైలెక్కబోతారు. నేటి దశమభాగం కూడా అలాంటి స్టేషనే. బోర్డు మీద మోషే పేరు ఉంటుంది. దిగి నాలుగడుగులు వేస్తే గానీ ఊరు వేరని తెలియదు.

వేసి చూద్దాం. లేవీయకాండం చివరి అధ్యాయం చెప్పేది భూమి పంట గురించి, చెట్ల పండ్ల గురించి, పశువుల మంద గురించి. కూలీవాడి కూలి గురించి కాదు. జాలరి వలలో పడ్డ చేపల ఊసు లేదు, వడ్రంగి చేసిన తలుపు ఊసు లేదు. మందను కర్ర కింద నుంచి ఒక్కొక్కటిగా నడిపించాలి, పదోది దేవుడిది. తొమ్మిది మేకలే ఉన్నవాడు? హాయిగా తొమ్మిదింటినీ ఇంటికి తోలుకుపోవచ్చు. "మొదటి పది శాతం దేవుడికి, తర్వాతే ఇంటి అద్దె" అని గద్దించేవాళ్లు ఆ మేకల వరసని ఒక్కసారి చూడాలి. అక్కడ దేవుడు తొమ్మిదింటి తర్వాత నిలబడి ఉన్నాడు. ప్రథమఫలాల లెక్క వేరు, దాన్ని తెచ్చి ఇందులో కలపకూడదు. అదే అధ్యాయంలో ఇంకో నియమం కూడా ఉంది. పంటలో పదో వంతును డబ్బిచ్చి విడిపించుకోవాలంటే అయిదో వంతు కలిపి కట్టాలి. ఇది మాత్రం మన దైవజనుల చెవిన వెయ్యకండి. కవరు మీద పది కొట్టేసి పన్నెండు రాసేస్తారు.

ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం మరీ ఇబ్బందికరం. అక్కడ దశమభాగాన్ని ఇచ్చినవాడే తినాలి. పంటా పశువులూ తీసుకుని దేవుడు ఏర్పరచిన చోటికి ఇంటిల్లిపాదీ వెళ్లాలి, ఆయన సన్నిధిని కూర్చుని భోంచెయ్యాలి. దారి దూరమైతే సరుకు అమ్మి, డబ్బు మూటగట్టుకుని వెళ్లి, అక్కడ మనసు కోరినది కొనుక్కోవాలి. ఎద్దులు, గొర్రెలు, ద్రాక్షారసం, మద్యం సహా. నేనింతవరకు విన్న ఏ దశమభాగం ప్రసంగమూ ఈ అధ్యాయం దగ్గర ఆగలేదు, ఎక్స్‌ప్రెస్ బండి చిన్న స్టేషన్ దాటినట్టు దాటేసింది. ఆగితే సంఘం తిరునాళ్లకి బయల్దేరిపోతుందని భయం కాబోలు.

అక్కడే ఉంది మూడో ఏటి నియమం. మూడేళ్లకోసారి పదో వంతు మొత్తం ఊళ్లోనే నిలవ చెయ్యాలి. దాన్ని లేవీయుడు, పరదేశి, తండ్రి లేని బిడ్డ, విధవరాలు కడుపు నిండా తినాలి. గమనించండి, విధవరాలు తినేవాళ్ల వరసలో కూర్చుంది. ఇవాళ ఆమెను లేపి ఇచ్చేవాళ్ల వరసలో నిలబెట్టాం. పింఛను డబ్బులో పదో వంతు వేసిన ముసలమ్మ సాక్ష్యం మైకులో చెప్పించి, అందరిచేతా చప్పట్లు కొట్టిస్తాం. ధర్మశాస్త్రం ఆమెకి బాకీ పడింది. మనం ఆ బాకీని ఆమె దగ్గరే వసూలు చేస్తున్నాం.

లేవీయుడికి వాటా ఎందుకు? పన్నెండు గోత్రాల్లో అతనికొక్కడికే భూమి పంచలేదు గనక. ఇది సంఖ్యాకాండం పద్దెనిమిదో అధ్యాయం. నేటి లేవీయుల్లో కొందరికి రోడ్డు పక్క స్థలాలున్నాయి, పెద్ద కార్లున్నాయి, పిల్లల పేరు మీద ట్రస్టులున్నాయి. భూమి లేని గోత్రం మాత్రం వెనక బెంచీలో కూర్చుని కవరు అంటిస్తోంది. అదే అధ్యాయంలో మరో మాట ఉంది. లేవీయులు తమకొచ్చిన పదో వంతులో పదో వంతు తీసి యాజకుడికి ఇవ్వాలి. ఆ భాగం ఎవరిచ్చారో, ఎవరికిచ్చారో, దైవజనులారా, రసీదు ఉంటే చూపించండి.

మలాకీ సంగతికొద్దాం. ఆ చిన్న పుస్తకంలో దేవుడు చాలాసేపు చీవాట్లు పెట్టింది యాజకులకి, కుంటి గొర్రెల్నీ గుడ్డి గొర్రెల్నీ బలిపీఠం మీదికి ఎక్కిస్తున్నందుకు. ఆకాశం వాకిళ్లు విప్పుతానంటే రైతుకి అర్థమయ్యేది వాన. తినేసేదాన్ని గద్దిస్తానంటే పురుగో, మిడతో. ఛత్తీస్‌గఢ్ వరి రైతుకి ఆ మాట చెబితే కళ్లు మెరుస్తాయి, ఎందుకంటే వాన ఎప్పుడు పడాలో, చీడ ఎప్పుడు పోవాలో అతనికి తెలుసు. టీవీలో అదే వాన ప్రమోషన్‌గా, అమెరికా వీసాగా, అప్పు మాఫీగా కురుస్తుంది. వాన పడకపోతే తప్పు ఆకాశానిది కాదు, మీ విశ్వాసానిది.

ఇక్కడ తెలివైన విశ్వాసి ఒకడు చెయ్యెత్తి అడుగుతాడు: "ధర్మశాస్త్రం కంటే ముందే అబ్రాహాము మెల్కీసెదకుకి ఇచ్చాడు కదండీ?" ఇచ్చాడు. యుద్ధంలో పట్టుకొచ్చిన దోపుడు సొమ్ములో పదో వంతు ఇచ్చాడు. మిగిలినదాంట్లో తనకి చెప్పుల వారు కూడా వద్దని సొదొమ రాజుకి వదిలేశాడు. ఆదర్శం కావాలంటే ఇదే ఆదర్శం: యుద్ధానికి వెళ్లి గెలిచి రావాలి, సొంత జీతం ముట్టుకోకూడదు. యాకోబైతే ఇంకా ముందుచూపున్నవాడు. దారిలో కాపాడి, తిండీ బట్టా ఇచ్చి, క్షేమంగా ఇంటికి చేరిస్తే అప్పుడు పదో వంతిస్తానన్నాడు. ముందు ఇంక్రిమెంటు, తర్వాత కవరు. ఈ పితరుడి పద్ధతిలో కానుకలు తీసుకునే సంఘం ఎక్కడుందో చెబితే చేరడానికి చాలామంది సిద్ధం.

ఇక రైల్వేవాడి కష్టం రైల్వేవాడిది. గ్రాస్ మీదా, నెట్ మీదా? డీఏ మీద ఇవ్వాలా? నైట్ డ్యూటీ అలవెన్సు దేవుడిదా, నిద్రదా? పైగా 2004 జనవరి 1 నుంచి ఉద్యోగంలో చేరినవాడి మూలవేతనం, డీఏ మీద పది శాతం ఎన్‌పీఎస్ పింఛను ఖాతాకి ముందే కత్తిరించేస్తున్నారు. పదో వంతు వెళ్లాల్సిన చోటు నుంచి అప్పుడే వెళ్లిపోయింది, ముసలితనం అనే దేవతకి. ఆ దేవత కనీసం ఖాతా నంబరిచ్చి, ఏటా లెక్క పంపుతుంది. ఇంతకంటే సూక్ష్మంగా లెక్క కట్టినవాళ్లు సువార్తల్లో ఉన్నారు. పుదీనాకులో, జీలకర్రలో కూడా పదో వంతు తీసిన పరిసయ్యులు. న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేశారని వాళ్లకి యేసు చేతిలో ఎన్ని చీవాట్లు పడ్డాయో మత్తయి ఇరవైమూడో అధ్యాయం చదివినవాళ్లకి తెలుసు.

ఇష్టంతో ఇచ్చింది బలవంతం ఎలా అయిందో చరిత్రలో తేదీలతో సహా ఉంది. 585లో ఫ్రాన్స్‌లోని మాకోన్ సభ దశమభాగం కట్టనివాడికి వెలి శిక్ష పెట్టింది. 779లో షార్లమేన్ దాన్ని రాజశాసనం చేశాడు. తర్వాత వెయ్యేళ్లు యూరప్ రైతు ధాన్యంలో పదో పనని గుడి గిడ్డంగికి మోశాడు. 1789 ఆగస్టులో ఫ్రెంచి విప్లవం అక్కడ దాన్ని రద్దు చేసింది. 1830లలో ఐర్లండ్‌లో కాథలిక్ రైతులు తాము కాలు పెట్టని ఆంగ్లికన్ గుడికి కట్టలేమని ఎదురుతిరిగితే, పోలీసులు వచ్చి పశువుల్ని జప్తు చేశారు. రాజొస్తే మీ పంటలో పదో వంతు పట్టుకుపోతాడని సమూయేలు ప్రవక్త ఇశ్రాయేలీయుల్ని ముందే హెచ్చరించాడు. ఆయన దృష్టిలో అది ఆశీర్వాదం కాదు, రాబోయే పీడ.

మన నేల మీదా పదో వంతు ఉండేది. రాయలసీమలో దశబంధం ఇనాములని చెరువు తవ్వించినవాడికో, కట్ట నిలబెట్టినవాడికో దక్కేవి. పేరులోనే పది ఉంది, కానీ ఎదురుగా చెరువు కూడా ఉండేది. ఇచ్చినవాడు వెళ్లి నీళ్లు చూసుకోవచ్చు. ఒంగోలులో మిషనరీ క్లౌ దొర 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకి పైగా పని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది ఆ తర్వాతే. అక్కడ కడుపు ముందు, కానుక వెనక. మిజోరంలో 1910 నుంచి ఆడవాళ్లు వంట వండేటప్పుడల్లా గుప్పెడు బియ్యం సంఘానికి తీసిపెడుతున్నారు. గుప్పెడంటే ఎవరి గుప్పెడు వాళ్లది. చిన్న చెయ్యి దొంగ చెయ్యి కాదు.

కోటా చుట్టుపక్కల పల్లెల్లో పుష్య పున్నమినాడు ఛేర్‌ఛేరా పండుగ. కోతలయ్యాక పిల్లలూ పెద్దలూ ఇంటింటికీ వెళ్లి ధాన్యం అడుగుతారు. గాదెలోంచి తీసి పోస్తారు. ఎవరూ పేస్లిప్పు అడగరు, తక్కువ పోసినవాణ్ణి దొంగ అనరు. కొరింథీయులకి రాసిన రెండో పత్రికలో పౌలు అడిగిందీ ఇంతే: విసుక్కోకుండా, బలవంతం లేకుండా, మనసులో అనుకున్నంత.

సంఘానికి ఇవ్వొద్దని నేననడం లేదు. అద్దె గదిలో ఆరాధన జరిపి, రోగుల్ని ఆస్పత్రికి తీసుకెళ్లి, చావింటికి అందరికంటే ముందు వెళ్లే పేద పాస్టరు గారికి పదో వంతేం ఖర్మ, ఇష్టమైతే అయిదో వంతివ్వండి. ఆయన మిమ్మల్ని దొంగ అనడు, అనే తీరిక ఆయనకి ఉండదు. దొంగ అన్నవాడితో మాత్రం గట్టిగా ధర్మశాస్త్రమే మాట్లాడండి. "అయ్యగారూ, మోషే చెప్పినట్టే చేద్దాం. ఈ ఏడు మూడో ఏడని లెక్కపెట్టుకుందాం. సంఘంలో విధవరాళ్ల పేర్లు, తండ్రిలేని పిల్లల పేర్లు, ఊరికి కొత్తగా వచ్చిన కూలీల పేర్లు రాయండి. పోగైనదంతా వాళ్లకి పంచి, లెక్క గోడకి అంటించండి. అందులో మీ పదో వంతు కూడా కనబడాలి." ఆ కాగితం గోడ మీదికి వచ్చేదాకా కవరు మన ఇంట్లోనే ఉండనిద్దాం.