జీబీల ప్రజావాణి

మా హనుమకొండ సుబేదారిలో సోమవారం ఆటో దొరకదు. దొరికినవన్నీ కలెక్టరేట్ ముందే ఆగి ఉంటాయి, కలెక్టర్ జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి కదా. చేతిలో అర్జీ, దాని వెనక జిరాక్సుల కట్ట. నిజాం కాలంలో వరంగల్ సుబాకు పెద్దయిన సుబేదారు కొలువు ఈ పక్కనే ఉండేది కాబట్టి, ఈ నేలకు అర్జీలు కొత్తేమీ కాదు. కలెక్టరేట్‌కు నాలుగు సందుల అవతల, ఒక డాబా మీది గదిలో కూర్చుని నేనూ అర్జీలు తీసుకుంటాను. కలెక్టర్‌కు సోమవారం ఒక్కటే. నాకు వారమంతా. నన్ను అడిగేది భూమి కాదు, జీబీలు.

ఉద్యోగం హైదరాబాద్ కంపెనీది. కరోనా పుణ్యమా అని ఇంటికొచ్చిన కుర్చీ మళ్ళీ వెనక్కి పోలేదు. ఒక పెద్ద కంప్యూటర్‌లో డజన్ల కొద్దీ ఉత్తుత్తి కంప్యూటర్లు పుట్టిస్తారు. వాటినే వర్చువల్ మెషీన్లంటారు. ప్రతిదీ తానే అసలు కంప్యూటర్ననుకుంటుంది, తనకో డిస్కు ఉందనుకుంటుంది. ఆ భ్రమకు చోటు కేటాయించడం, చాలకపోతే పెంచడం నా పని.

"అన్నా, సర్వర్ల జాగ అయిపోయింది. జెర పెంచరాదే."

"ఏముందిరా అందులో?"

"ఏం లేదన్నా."

ఏమీ లేనిది రెండు వందల జీబీలు ఎట్లా నిండిందని అడిగితే మనసు కష్టపెట్టుకుంటారు. చూడబోతే ఒకే బ్యాకప్ మూడు పేర్లతో ఉంటుంది: 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఇదే ఫైనల్'. తీసేయమంటే, ఎప్పుడన్నా అవసరం పడొచ్చంటారు.

ఈ పీడ మా కాలంలో మొదలైంది కాదు. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి డిస్కు యంత్రంలో యాభై పళ్ళేలు, దాదాపు టన్ను బరువు, పట్టేది అయిదు మెగాబైట్ల లోపే. ఇవాళ ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో అందులో ఇరుక్కుని కూర్చోవాలి. అప్పుడు కూడా ఎవరో ఒకరు జాగ చాలట్లేదనే ఉంటారు. తర్వాత మెల్‌బోర్న్ యూనివర్సిటీలో రాబర్ట్ ఎల్జ్ అనే ఆయన యునిక్స్ వాడేవాళ్ళకు, తలా ఇంత చోటే అని హద్దు పెట్టే డిస్కు కోటా పద్ధతి రాశాడు. 1983లో బర్క్‌లీ వాళ్ళ 4.2 బీఎస్‌డీతో అది లోకమంతా పాకింది. విద్యార్థులతో వేగినవాడికి తప్ప ఇంకొకరికి అంత చక్కటి ఆలోచన రాదని నా నమ్మకం.

కోటాలో రెండు గీతలుంటాయి. మొదటిది మెత్తనిది, దాటితే హెచ్చరిక. రెండోది గట్టిది, దాటనే దాటనివ్వదు. మెత్తని గీత దాటినవాడికి లైనక్స్ మామూలుగా ఏడు రోజుల గడువిస్తుంది. ఆ లోపల సర్దుకోకపోతే మెత్తనిదే గట్టిదైపోతుంది. ఈ ఏడు రోజులూ మనిషి ఎట్లా గడుపుతాడో చూడాలి. మొదటి రోజు మెయిల్ చూడడు. మూడో రోజు చూసి, ఇది ఇంకెవరికో అనుకుంటాడు. ఆరో రోజు ఓ రెండు చిన్న ఫైళ్ళు తీసేసి దింపుడు కళ్ళం ఆశతో కూర్చుంటాడు. ఏడో రోజు రాత్రి నాకు ఫోను: "అన్నా, పొద్దున క్లయింట్ డెమో ఉంది."

సరే, పెంచుతాం. పెంచడం అంటే బయటివాళ్ళకు ఒక్క నొక్కుడు. వర్చువల్ డిస్కును వంద నుంచి రెండు వందల జీబీలు చేస్తే, లోపల ఉన్న మెషీన్‌కు ఆ సంగతి తెలియదు. డిస్కు పెరిగాక అందులో గీసిన వాటా, అంటే పార్టిషన్ పెంచాలి, దాని మీద చోటును పంచిపెట్టే ఎల్‌వీఎమ్ ఉంటే దానికి చెప్పాలి, చివరికి ఫైల్ సిస్టమ్‌ను సాగదీయాలి. ఒక్కటి మరిచినా "మీరు పెంచలేదు" అని స్క్రీన్‌షాట్ పంపుతారు. కొన్నిచోట్ల ఖాళీ జాగకూ, పెరగాల్సిన పార్టిషన్‌కూ నడుమ, మెమరీ చాలనప్పుడు వాడుకునే స్వాప్ అడ్డంగా పండుకుని ఉంటుంది. దాన్ని ఆపి, లేపేసి, ఇవతలిదాన్ని పెంచి, మళ్ళీ చివరలో దానికో మూల చూపించాలి.

పార్టిషన్ల గురించి మా ఊరివాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని ముక్కలైంది. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి లోంచి ములుగు వేరు పడింది. 2021లో అర్బన్ కాస్తా హనుమకొండ అయింది. మా ఇల్లు అంగుళం జరగలేదు, అడ్రసులో జిల్లా రెండుసార్లు మారింది. డేటా కదలకుండా మౌంట్ పాయింట్ మార్చడమంటే ఏమిటో కొత్తగా చేరిన పిల్లలకు నేను ఇదే చెప్తాను.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన తగాదా డీఎఫ్‌కూ డీయూకూ మధ్య వచ్చేది. రెండూ డిస్కు లెక్క చెప్పే కమాండ్లే. ఓ రాత్రి డీఎఫ్ నూటికి నూరు నిండిందంటుంది. ఫోల్డర్లన్నీ తిరిగి లెక్క కట్టిన డీయూ, నలభైయే వాడారంటుంది. ఫోన్ అవతల అబ్బాయి గొంతు ఏడుపులో పడింది.

"పెద్ద లాగ్ ఫైల్ తీసేసిన గదన్నా!"

తీసేశాడు, నిజమే. కానీ ఆ ఫైల్‌లోకి రాస్తున్న ప్రోగ్రామ్ దాన్ని తెరిచే ఉంచుకుంది. పేరు పోయింది కాబట్టి డీయూకు కనబడదు. పట్టుకున్నవాడు వదల్లేదు కాబట్టి చోటు ఖాళీ కాదు. ప్రోగ్రామ్‌ను ఒకసారి ఆపి లేపితే అరవై జీబీలు ఒక్క క్షణంలో తిరిగొచ్చాయి. ఆ అబ్బాయి ఇప్పటికీ అది నా చేతి మహిమే అనుకుంటున్నాడు. నేనూ కాదనలేదు.

ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ అయితే ఇంకో వేడుక. తయారుచేసేటప్పుడే మామూలుగా అయిదు శాతం చోటు, మెషీన్ మీద సర్వాధికారి అయిన రూట్‌కు పక్కన పెట్టేస్తుంది. పని మొదలు కాకముందే పైవాడికి అయిదు శాతం. ప్రభుత్వ కాంట్రాక్టులు చేసిన మా మామయ్యకు ఇది చెబితే, "అయిదేనా?" అన్నాడు.

ఇక అసలు ఇంద్రజాలం థిన్ ప్రొవిజనింగ్. పది మెషీన్లకు తలా అయిదు వందల జీబీలు రాసిస్తాం, కింద అందరికీ ఉమ్మడి కొలనులో ఉండేది రెండు టీబీలే. ఎవరూ తమ వాటా మొత్తం ఒకేసారి వాడరన్న ధైర్యం. వాడినరోజు ఒక్కడు కాదు, పదిమందీ ఒకేసారి కూలబడతారు. పైగా లోపల ఫైళ్ళు తీసేసినంత మాత్రాన ఆ జాగ కింది కొలనుకు చేరదు. ఖాళీ చేశామని ట్రిమ్ అనే కబురు వేరే పంపాలి. ఆ కబురు ఎవరూ పంపరు.

ఇందుకే చెప్తున్నాను, జాగ ఇవ్వడం వరకే మన చేతిలో ఉంది. 2014లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7 నుంచి సర్వర్లలో ఎక్కువగా కనబడే ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌ను చూడండి: నడుస్తుండగానే హాయిగా పెరుగుతుంది. తగ్గించాలంటే డేటా అంతా వేరేచోటికి ఎత్తి, చిన్నది కట్టి, మళ్ళీ పోసుకోవాలి. క్లౌడ్ మరీ గడుసుది. అమెజాన్ ఈబీఎస్ డిస్కును పెంచవచ్చు గానీ తగ్గించే వీలు లేదు. బిల్లు వాడినదానికి కాదు, అడిగినదానికి.

ఆ బిల్లు చూసే మొన్న మా ఫైనాన్స్ సారు కళ్ళు తేలేశారు. అనవసరమైనవి తీసేయమన్నారు. ఎవరి ఫోల్డర్ ఏదో జాబితా రాసి అందరికీ పంపాను. 'టెంప్' అనే ఒక ఫోల్డర్ ఎనిమిది వందల జీబీలుంది. నాది కాదంటే నాది కాదన్నారు. అయితే తీసేస్తానంటే "ఆగన్నా" అన్నారు. పెట్టిన మనిషి ఉద్యోగం మానేసి ఎప్పుడో వెళ్ళిపోయాడు, ఫోన్ ఎత్తడు. మీటింగ్ పెట్టారు. గంటన్నర చర్చించి, ముందు జాగ్రత్తగా దానికో కాపీ తీసి భద్రపరిచి, ఆ తర్వాతే అసలుది తీసేయాలని తేల్చారు.

ఆ కాపీకి కొత్త డిస్కు మంజూరు చేయాలని సోమవారం పొద్దున నేనే అర్జీ పెట్టుకున్నాను.