పత్తి వెంకయ్య గారి పాలిస్టర్ జెండా

ఆగస్టు వచ్చిందంటే మా నర్సీపట్నంలో రెండు సరుకులకు ఎక్కడలేని గిరాకీ. ఒకటి జెండాలు, రెండోది జెండాకు అర్థాలు. జెండాలు అబీద్ సెంటర్లో డబ్బులిస్తే దొరుకుతాయి. అర్థాలు వాట్సాప్‌లో ఉచితం, పైగా వద్దన్నా వస్తాయి.

అర్థాల్లో ఇప్పుడు బాగా చెల్లుబాటయ్యేది అశోక చక్రం జాబితా. అందులోని 24 ఆకులకూ 24 గుణాలట! ప్రేమ, ధైర్యం, సహనం అంటూ మొదలవుతుంది. ముఖ్య అతిథి గారు పన్నెండో గుణం దగ్గరకొచ్చేసరికి ఎండలో నిలబడ్డ పిల్లల్లో మూడోది, అంటే సహనం, పూర్తిగా అయిపోతుంది. రాజ్యాంగ సభ 1947 జులై 22న ఆమోదించిన తీర్మానంలో ఈ జాబితా లేదు. ఆకులెన్నో కూడా అందులో రాయలేదు. సారనాథ్ సింహశీర్షం మీది చక్రం నమూనాలో ఉండాలనీ, అది చరఖాకు ప్రతీక అనీ మాత్రం రాశారు. రాసిన ఆ ఒక్క అర్థం మన వక్తలకు గుర్తుండదు, రాయని 24 మాత్రం కంఠతా వచ్చు.

రంగుల కథ ఇంకా రుచిగా ఉంటుంది. వక్త గారి లెక్కలో అవి అనాదిగా మారని అర్థాలు. అసలు సంగతి వేరు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీ అడిగితే పింగళి వెంకయ్య నమూనా వేసిచ్చారు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు. రాట్నం జలంధర్ లాలా హంసరాజ్ సలహా. మిగతా మతాలవారి కోసం గాంధీ తెలుపు చేర్పించారు. మతాల వాటాల మీద పేచీలు ముదిరాక, 1931లో కాంగ్రెస్ ఎరుపు తీసి కాషాయం పెట్టి, రంగులకు మతంతో సంబంధం లేదని ప్రకటించింది. కాషాయం ధైర్యత్యాగాలైంది. 1947లో సర్వేపల్లి రాధాకృష్ణన్ దాన్ని వైరాగ్యంగా, ఆకుపచ్చను నేలతో మన అనుబంధంగా వివరించారు. పాతికేళ్లలో అర్థం ఇన్నిసార్లు మారింది. నన్నడిగితే అది జెండాకు గౌరవమే. పేచీ పడి, సర్దుకుని, దిద్దుకున్న జెండా అది. ఆకాశం నుంచి ఊడిపడలేదు.

ఇన్ని మార్పుల్లోనూ మారనిది ఒకటుండేది: గుడ్డ. చేత్తో వడికి, చేత్తో నేసిన ఖాదీయే జెండా కావాలన్నది నియమం. 2021 డిసెంబరు 30న ఆ నియమాన్ని సవరించారు. మరలో నేసినా సరే, పాలిస్టరైనా సరే. మరుసటి ఆగస్టులోనే ఇంటింటా జెండా అన్నారు. ఇంటింటా ఎగిరింది, రాట్నం గుర్తున్న పాలిస్టరు.

ఆ నమూనా వేసిన పెద్దమనిషికి జనం పెట్టిన పేరు పత్తి వెంకయ్య. కంబోడియా పత్తి మీద చేసిన పరిశోధనకు వచ్చిన పేరది. 1963లో పేదరికంలోనే పోయారు. ఆయన పేరున ఏటా దండలు వేస్తున్నాం, పత్తిని మాత్రం జెండాలోంచి తప్పించేశాం. ఇంతకన్నా మర్యాదైన నివాళి ఎక్కడైనా ఉంటుందా?

మా వైపు ఇంకో ముచ్చట. బెజవాడ సమావేశాల మరుసటి ఏడాది, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దాడి చేశాడు. అంతకుముందు మన్యంలో ఆయన చెప్పినవాటిలో రెండు: కల్లు మానండి, ఖద్దరు కట్టండి. ఇప్పుడు కృష్ణదేవిపేటలో ఆయన సమాధి దగ్గర పాలిస్టరు జెండా పట్టుకుని రీల్స్ తీస్తున్నారు. మొదటి సలహా సంగతి నేనెత్తను.

చవకగా దొరక్కపోతే పేదవాడి ఇంటిమీద జెండా ఎలా ఎగురుతుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ జెండా నేసే కూలి కూడా పేదవాడికే అందాలని కదా అందులో రాట్నం పెట్టింది! ఖాదీ నేసే పొందూరు ఇక్కడికి మరీ దూరమేమీ కాదు. జెండాను అవమానిస్తే మూడేళ్ల వరకూ జైలని 1971 చట్టం చెబుతోంది. ఆగస్టు 16 ఉదయం కాలవల్లో తేలే జెండాలను చూస్తే, ఆ చట్టానికి కూడా పంద్రాగస్టు సెలవు పొడిగించారేమో అనిపిస్తుంది.

అయ్యా, ఈసారి మీ బడికో వీధికో ముఖ్య అతిథి వస్తే, 24 గుణాలూ చెప్పనివ్వండి. చప్పట్లు కూడా కొట్టండి. ఆపైన ఎగరేసిన జెండా ఏ నూలుతో, ఎవరు నేశారో మాత్రం తప్పకుండా అడగండి.