పెద్ద మాట వదిలేయండి, దాని అర్థమే మాట్లాడండి

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకు అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: రోజుకు పది కొత్త మాటలు కంఠస్థం చెయ్యమని. నేను దానికి ఎదురు చెబుతున్నాను. ఈ ఏడాదికి కొత్త మాటలు మానేయండి. డిక్షనరీ తియ్యండి, కానీ లావు అక్షరాల్లో ఉన్న మాటను బొటనవేలితో మూసి, పక్కనున్న వివరణ ఒక్కటే చదవండి. నేర్చుకోవలసింది ఆ వివరణనే.

'ప్రొక్రాస్టినేట్' అన్న మాట పలకడానికే సగం మంది తడబడతారు. దాని వివరణలో ఉన్నవేమో 'పుట్ ఆఫ్', 'లేటర్', 'డూ' లాంటి చిన్న మాటలు. 'ఐ కీప్ పుటింగ్ ఇట్ ఆఫ్' అంటే పని జరిగిపోయింది. ఇంటర్వ్యూల్లో పిల్లలు వాక్యం మధ్యలో ఆగిపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. తెలివి ఉంటుంది, చెప్పాల్సిన సంగతీ ఉంటుంది, ఒక్క పెద్ద మాట అందక నోరు మూతపడుతుంది. ఆ మాట లేకపోయినా చెప్పొచ్చని వాళ్లకెవరూ చెప్పలేదు. 'కన్యాశుల్కం'లో గిరీశం, వెంకటేశం పెద్దవాళ్ల ముందు వల్లె వేసే ఇంగ్లీషు ముక్కలు ఎదుటివాళ్లకు అర్థం కాకపోవడం కోసమే. మనం ఇంగ్లీషును ఇంకా అలాగే వాడుతున్నాం.

నా మాట మొండిగా అనిపిస్తే మైకేల్ వెస్ట్ చేసిన పని చూడండి. ఆయన 1920లలో ఢాకాలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ బెంగాలీ పిల్లలు ఇంగ్లీషుతో పడే అవస్థ దగ్గర నుంచి చూశాడు. 1935లో ఎండికాట్ అనే సహరచయితతో కలిసి తెచ్చిన నిఘంటువులో దాదాపు 24,000 మాటలకూ పలుకుబళ్లకూ అర్థాలు ఇచ్చాడు. ఆ అర్థాలన్నీ రాయడానికి వాడిన మాటలు 1,490 మాత్రమే! 1978లో లాంగ్‌మన్ నిఘంటువు ఇదే దారిలో రెండు వేల మాటలు పెట్టుకుంది. ఇరవై నాలుగు వేల సంగతుల్ని పదిహేను వందల మాటలతో చెప్పగలిగినప్పుడు, మనం మోయాల్సింది ఆ పదిహేను వందల్ని. మిగతా బరువు ఎవరి కోసం?

ఈ కొద్ది మాటలతో ఎలా సరిపెట్టుకోవాలంటారా? ఒక్కో మాటకూ ఇంటిపేరు ఉంది, ఆ ఇంటిపేరుతో బోలెడు మంది ఉన్నారు. 'డిసైడ్' తెలిస్తే డిసిషన్, డిసైసివ్, అన్‌డిసైడెడ్, ఇన్‌డిసిషన్ అన్నీ ఆ ఇంటివే. ఇది మనకు కొత్త కాదు. ఆడు-ఆట, పాడు-పాట, మేయు-మేత, కోయు-కోత అని మనకెవరూ పట్టిక ఇవ్వలేదు. నడక, నడత, నడవడి, నడిపించడం ఒకే చోటినుంచి వచ్చాయని చెవికే తెలుస్తుంది. ఇంగ్లీషులోనూ చెవికి ఆ అలవాటు చెయ్యాలి.

అందుకని, కావలసిన రూపం తెలియకపోతే మీరే తయారుచేయండి. 'డిసైడ్‌మెంట్' అనండి, ధైర్యంగా. అడ్జస్ట్‌మెంట్, అగ్రిమెంట్ ఉన్నప్పుడు అదీ ఉంటుందనుకోవడంలో తర్కం ఉంది. ఎదుటివాళ్లు 'డిసిషన్' అని సరిచేస్తారు. అలా అందిన మాట మళ్లీ పోదు. ఉపాధ్యాయులు దీనికి మార్కులు కోస్తారని తెలుసు. కొయ్యనివ్వండి.

చుట్టరికం లేని చుట్టాలూ ఉంటారు. 'ఇన్‌కరెక్ట్'లో 'ఇన్' అంటే కాదని. అదే లెక్కన పెట్రోలు ట్యాంకరు వెనక రాసిన 'ఇన్‌ఫ్లేమబుల్' అంటుకోనిదనుకుంటే ప్రమాదం. అది 'ఇన్‌ఫ్లేమ్' ఇంటి మాట, మండేదని అర్థం. 'ఇన్‌వాల్యుబుల్' అంటే విలువలేనిది కాదు, వెల కట్టలేనిది. 'హార్డ్'కి 'లీ' తగిలించి 'ఐ హార్డ్‌లీ వర్క్' అని దరఖాస్తులో రాస్తే, కష్టపడతానని కాదు, దాదాపు పనే చెయ్యనని చెప్పినట్టు. ఇలాంటివాటిని ముందే జాబితా వేసి భయపడొద్దు. ఎదురైనప్పుడు ఎర్ర సిరాతో రాసుకుంటే చాలు.

లాటిన్, గ్రీకు ధాతువుల జోలికి మాత్రం పోకండి. కోఠీ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య తరచూ కనిపించే నార్మన్ లూయిస్ 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' 1949 నాటిది. దాని పద్ధతి అదే. చదువరులకు అది విందు, మొదటి మెట్టు మీదున్నవాళ్లకు కాదు. ఇన్‌స్పెక్ట్, రెస్పెక్ట్, సస్పెక్ట్ మూడింట్లోనూ 'చూడటం' ఉందని తెలిసినా, ఏది ఎక్కడ వాడాలో తెలియదు. ఆహారం, విహారం, సంహారం ఒకే ధాతువు నుంచి వచ్చినవే. ఆ ముక్క తెలిశాకే అన్నం తిన్నామా?

జీఆర్ఈ రాసేవాళ్లు పెద్ద మాటలు తప్పవంటారు. నిజమే, వాళ్లకు తప్పవు. అయినా ముందు వివరణే. ఒక సంగతిని చిన్న మాటల్లో మూడు రకాలుగా చెప్పగలిగాక దాని పేరు చూసుకోండి. అప్పుడది తెలిసిన మనిషి పేరులా గుర్తుంటుంది.

తెలుగులో ఆలోచించొద్దని చెప్పేవాళ్ల మాట కూడా వినకండి. చదివిన వివరణను ఇంట్లో అమ్మకు తెలుగులో చెప్పండి. ఆమెకు అర్థమైతే మీకూ అర్థమైనట్టే, కాకపోతే మళ్లీ చదవాలి.

నోటుబుక్కులో ఒక పేజీకి ఒక్క ఇంటినే పెట్టండి. పైన క్రియ, కింద నామవాచకం, విశేషణం, దాని వ్యతిరేకం, ప్రతిదానికీ మీ ఇంటి సంగతితో ఒక వాక్యం. తెలియని రూపం దగ్గర ఖాళీ వదలండి. ఆ ఖాళీని డిక్షనరీ చూసి నింపకండి, ఎవరి నోటి నుంచైనా వినేదాకా ఆగండి.