గబ్బిలాన్ని చూడకుండానే గుర్తుపట్టడం ఎలా?

పొద్దుగూకే వేళ మచ్చ బొల్లారంలో అపార్ట్‌మెంట్ల నడుమ మిగిలిన చెట్ల మీదుగా నల్లగా ఏదో పోతుంది. తల పూర్తిగా ఎత్తకుండానే "గబ్బిలాయి" అని తేల్చేసి, మళ్లీ ఫోన్లో మునిగిపోతాం. మనందరికీ అబ్బిన విద్యే ఇది. నాకైతే మరీ బాగా అబ్బింది. ఇంకా పట్టుబడనివాళ్ల కోసం ఈ సూచనలు.

ముందుగా, గబ్బిలాలన్నీ ఒకటేనని గట్టిగా నమ్మండి. లోకంలో 1,400కు పైగా గబ్బిలం జాతులున్నాయనీ, పాలిచ్చి పెంచే జంతు జాతుల్లో ఐదింట ఒకటి ఇదేననీ ఎవరైనా మొదలుపెడితే, "ఎంతైనా రెక్కలొచ్చిన ఎలుకేగా" అని కొట్టిపారేయండి. వంశం లెక్కన అది ఎలుక కన్నా ఆవుకూ గుర్రానికే దగ్గర చుట్టమని గొణుగుతారు. వినబడనట్టు ఉండండి.

సైజు సంగతి తేలికే. మర్రిచెట్టుకు పగలంతా వేలాడే పెద్ద పండ్ల గబ్బిలం రెక్కలు చాస్తే నాలుగడుగులు, బరువు కిలో దాటగలదు. వీధి దీపం దగ్గర పురుగుల వెంట గింగిరాలు కొట్టే చిట్టి గబ్బిలం నాలుగైదు గ్రాములుంటే గొప్ప, ముడుచుకుంటే అగ్గిపెట్టెలో పడుతుంది. రెండోది మొదటిదాని పిల్ల అని చెప్పేయండి. ఎవరూ అడ్డు చెప్పరు.

అన్నిటికన్నా ముఖ్యం, ముఖం చూడకూడదు. చూశారా, చెడ్డారు. పండ్ల గబ్బిలానికి కుక్కపిల్ల మూతి, ఇంతింత కళ్లు. అది దారి వెతుక్కునేది కంటితోనూ ముక్కుతోనూ. కాబట్టి "గబ్బిలం గుడ్డిది" అనే మీకిష్టమైన మాట అక్కడే ఆగిపోతుంది. పురుగులు తినే కొన్నిటికి ముక్కు మీద ఆకులాంటి తోలు మడత ఉంటుంది. అవి కూతను ముక్కురంధ్రాల్లోంచి వదిలితే, ఆ మడత దాన్ని ఒక దిక్కుకు మళ్లిస్తుంది. కప్పల్నీ బల్లుల్నీ పట్టి తినే ఇంకో రకానికి నుదుటి మీద కలిసిపోయేంత చెవులు. ఆకుల్లో అలికిడి చాలు, వేట దొరికినట్టే. సరే, ముఖం వదిలేసి తోక చూద్దామంటే అక్కడా ఇబ్బందే. పెద్ద పండ్ల గబ్బిలానికి తోకే లేదు. పాత కోటల్లో ఉండే ఒకదానికి ఎలుకకున్నంత పొడుగు తోక. సమాధుల్లో, గుళ్లలో చేరే మరొకదానికి తోక కొస కాళ్ల మధ్య తోలును పొడుచుకొని పైకి వస్తుంది. రెక్క అంటున్నామే, అది నిజానికి చెయ్యి. సాగిన నాలుగు వేళ్ల మధ్య పల్చటి తోలు, విడిగా మిగిలిన బొటనవేలికి కొక్కెంలాంటి గోరు. ఇంత చూశాక "గబ్బిలాయి" అని ఒక్క ముక్కలో అనడం కష్టం. అందుకే చూడొద్దంటున్నా.

తలకిందులుగా వేలాడితే పడిపోదా అని పిల్లలడిగితే, పడుకోమనండి. ఒంటి బరువుకే కాలి నరాలు బిగుసుకుపోయి గోళ్లు పట్టు వదలవని చెబితే ఇంకో ప్రశ్న వేస్తారు.

కర్ణాటకలోని కోలార్ జిల్లాలో, లోకం మొత్తానికి ఒక్క గుహలోనే తెలిసిన ఆకుముక్కు గబ్బిలం ఉంది. దాని మీద పనిచేసింది మన ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిశోధకులే. దానికి పెద్ద గండం గ్రానైట్ తవ్వకం. ఇది తెలిసినా వంటింటి గ్రానైట్ గట్టు తుడుచుకుంటూ మరిచిపోవచ్చు.

అపశకునం అనడం మానకండి. 1941లో గుర్రం జాషువా తన కావ్యంలో కాశీ విశ్వనాథుడి దగ్గరికి ఒక నిరుపేద దళితుడి గోడు మోసుకెళ్లే పని గబ్బిలానికే అప్పగించారు. గుడి తలుపు ఆ మనిషికి మూసి ఉంటుంది, దానికి ఉండదు. ఆ కావ్యం పరీక్షల కోసం చదివి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే, గబ్బిలం ఇంట్లో దూరితే పసుపునీళ్లు చల్లుతున్నాం. ఇక్కడ వెటకారం నాకు సరిగా పలకడం లేదు.

కరోనా తర్వాత మనకు కొత్త సాకు దొరికింది, చెట్టు కొట్టించేయడానికి. గబ్బిలాల్లో వైరస్‌లున్న మాట నిజం, వట్టి చేత్తో ముట్టుకోకూడదన్నదీ నిజం. కానీ చెట్టు కొడితే అవి మాయమైపోవు, పక్కవీధి చెట్టెక్కుతాయి. పండ్ల గబ్బిలాలను 1972 వన్యప్రాణి చట్టం కాకులతో, ఎలుకలతో కలిపి పీడ జాబితాలో రాసింది. 2022 సవరణలో ఆ జాబితానే ఎత్తేశారు. ఇప్పపూలకు పరాగం మోసేదీ, గింజలు దూరం తీసుకెళ్లి పడేసేదీ అవేనని ఆ జాబితాకు తెలిసినట్టు లేదు.

చివరిగా, గబ్బిలం హాల్లోకి వచ్చినప్పుడు కిటికీలన్నీ మూసి, ఫ్యాన్ ఐదులో పెట్టి, చీపురు తిప్పుతూ ఇంటిల్లిపాదీ అరవాలి. ఫ్యాన్ ఆపి, దీపాలార్పి, కిటికీ తీసి పెడితే దాని దారిన అదే పోతుంది. అప్పుడు అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టుకోవడానికి వీడియో ఏముంటుంది?