అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అధ్యక్షులవారికి గోదావరి గట్టు నుంచి బహిరంగ లేఖ

విషయం: రాజమహేంద్రవరానికి ఒకరోజు వృత్తి సైకిల్ పందెం మంజూరు చేయడం గురించి, అటువంటిది ఇక్కడ రోజూ జరుగుతున్నదన్న సంగతిని రికార్డులోకి ఎక్కించడం గురించి.

స్విట్జర్లాండులోని ఏగ్ల్ పట్టణంలో కొలువుతీరి, లోకంలో రెండు చక్రాల మీద జరిగే పోటీలన్నిటికీ కొలతలూ తూకాలూ నిర్ణయించే సమాఖ్య 1900 ఏప్రిల్‌లో పారిస్‌లో పుట్టింది. అదే ఏడాది ఆగస్టులో గోదావరి మీద హేవలాక్ వంతెన రైళ్లకు తెరుచుకుంది. ఆ విధంగా ఒక ఈడువైన ఈ రెండింటిలో వంతెన 1997లో గౌరవంగా పదవీ విరమణ చేయగా, సమాఖ్య ఇంకా ఉద్యోగంలోనే ఉన్నది. రాజరాజ నరేంద్రుడి కాలం నుంచి లెక్క చెప్పుకునే ఊరికి 1900 అంటే నిన్నమొన్నటి మాట కనుక, వయసులో పెద్దదైన నగరం చిన్నదైన సంస్థకు రాస్తున్న లేఖగా దీనిని స్వీకరించవలసిందని ప్రార్థన.

ముందుగా ఒక పదం గురించి స్పష్టత అవసరం. ఈ జిల్లాలో పందెం అనగానే ఎవరికైనా మొదట కోడి గుర్తుకు వస్తుంది. ఇక్కడ ఉద్దేశించినది అది కాదు. ఫ్రాన్సు యాత్ర వలె మూడు వారాలపాటు మజిలీలు వేసుకుంటూ సాగే పోటీకి భిన్నంగా, ఉదయం బయలుదేరి సాయంత్రంలోగా గెలుపోటములు తేలిపోయే దానిని ఒకరోజు పందెం అంటారు. ఆసియాలో ఇటువంటివాటికి జపాన్‌లోని ఉత్సునోమియా నగరం పేరుపొందింది. 1990లో ప్రపంచ పోటీలు జరిగిన ఆ ఊరిలోనే 1992 నుంచి జపాన్ కప్ నడుస్తున్నది. ఇటీవలి కాలంలో సింగపూరు తన నగర వీధులలోనే చుట్లు కొట్టే పోటీని ఏర్పాటు చేసుకున్నది. మన దేశంలో ముంబయి 2010, 2011 సంవత్సరాలలో విదేశీ జట్లను రప్పించి సముద్రతీరపు రోడ్ల మీద పరుగులు పెట్టించింది కాని, ఆ ముచ్చట అక్కడితో ఆగిపోయింది. హైదరాబాదుకు 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కట్టిన సైకిల్ పందేల మైదానమూ, 2023లో బాహ్య వలయ రహదారి పక్కన సౌరఫలకాల నీడలో వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ బాటా ఉన్నాయి. ఈ జాబితాలో రాజమహేంద్రవరం లేకపోవడానికి కారణం అర్హత లేకపోవడం కాదు, ‘వృత్తి సైక్లిస్టు’ అన్న మాటకు సమాఖ్య చెప్పుకుంటున్న అర్థం మరీ ఇరుకుగా ఉండడం.

తొక్కినందుకు డబ్బు పుచ్చుకునేవాడు వృత్తి సైక్లిస్టు అయితే, గోదావరి డెల్టాలో తెల్లవారుజామున నాలుగు గంటలకే పోటీ మొదలవుతుంది. దినపత్రికల కట్టలు విప్పి, మడతలు పెట్టి, వెనుక క్యారేజీకి కట్టుకుని, దానవాయిపేటలోనో ఇన్నీసుపేటలోనో గేట్ల మీదుగా రెండో అంతస్తు వసారాలోకి గురి తప్పకుండా విసిరే కుర్రాళ్లకు గడువు ఉంటుంది, జీతం ఉంటుంది, ఆలస్యమైతే శిక్ష కూడా ఉంటుంది. ఐరోపాలో ఈ క్రీడ చరిత్రే పత్రికలతో ముడిపడినది. 1903లో ‘లోటో’ అనే పత్రిక తన ప్రతుల అమ్మకం పెంచుకోవడానికే ఫ్రాన్సు యాత్రను పుట్టించింది. అక్కడ పత్రిక అమ్ముడుపోవడానికి సైకిల్ పందెం పెట్టారు, ఇక్కడ పత్రిక ఇంటికి చేరడానికి సైకిల్ పందెం జరుగుతున్నది. ఈ రెండింటిలో ఏది అసలు, ఏది నకలు అన్నది సమాఖ్యవారే తేల్చాలి.

లంక గ్రామాల నుంచి రావులపాలెం మార్కెట్‌కు అరటిగెలలు మోసే సైకిళ్లు మరొక తరగతికి చెందుతాయి. క్యారేజీకి అటూ ఇటూ, హ్యాండిలుకు ముందూ గెలలు వేలాడగట్టిన తరువాత సైకిలూ కనిపించదు, మనిషీ కనిపించడు. అరటితోట ఒకటి తనంతట తాను గట్టు వెంట నడిచిపోతున్నట్టు ఉంటుంది. పాలవాళ్ల సంగతి వేరు. వారిలో చాలామంది మోపెడ్ ఎక్కేశారు. 2016లో బెల్జియంలో జరిగిన ప్రపంచ సైక్లోక్రాస్ పోటీలలో, అంటే బురదలోనూ గడ్డిలోనూ తొక్కే పోటీలలో, ఒక క్రీడాకారిణి సైకిల్ చట్రంలో దాచిన మోటారు దొరికినప్పుడు సమాఖ్య ఆమెకు ఆరేళ్ల నిషేధం విధించింది. ఆ లెక్కన డెల్టాలో పాల సరఫరా స్తంభించిపోతుంది కనుక, ఈ నేరాన్ని చూసీచూడనట్టు వదిలివేయవలసిందని మనవి.

సమాఖ్య నియమావళిలో కొన్ని ఖండికలను ఇక్కడి పరిస్థితులతో పోల్చి చూడడం అవసరం. పోటీ సైకిల్ బరువు 6.8 కిలోలకు తగ్గరాదని ఒక నియమం. ఇక్కడి నల్ల సైకిల్ ఒట్టిదే దానికి రెండుమూడింతలు తూగుతుంది, గెలలు కట్టాక తూకపు రాయి చాలదు. కనుక ఈ ఖండికను ఉల్లంఘించినవారు రెండు గోదావరి జిల్లాలలో ఒక్కరూ ఉండరు. పల్లంలో వేగం కోసం సీటు దిగి ముందు కడ్డీ మీద కూర్చోవడాన్ని 2021లో ప్రమాదకరమని నిషేధించారు. ఈ ప్రాంతంలో ఆ కడ్డీ మీద తువ్వాలు చుట్టి బడికి వెళ్లే పిల్లవాడిని కూర్చోబెడతారు. వాడిని దింపడానికి ఏ నిర్ణేతకూ మనసొప్పదు. మేజోడు చీలమండకూ మోకాలికీ మధ్య దూరంలో సగం దాటి పైకి రాకూడదన్న నియమం మాత్రం లుంగీని తాకనే తాకదు, ఎందుకంటే మడిచి కట్టిన లుంగీ పైనుంచి దిగివచ్చి మోకాలి దగ్గరే ఆగిపోతుంది. నడిచే వాహనాన్ని పట్టుకుని సాగిపోవడం మరొక నేరం. 2015లో స్పెయిన్ యాత్రలో ఇటలీ దేశపు ప్రసిద్ధుడు విన్చెంజో నీబలి జట్టు కారును పట్టుకున్నందుకు పోటీ నుంచి బహిష్కృతుడయ్యాడు. ధాన్యం ట్రాక్టరు తొట్టిని ఒక చేత్తో పట్టుకుని ఇంటికి చేరే హైస్కూలు విద్యార్థులకు ఈ ఉదాహరణను పాఠంగా చెప్పవచ్చు గాని, వింటారన్న హామీ ఇవ్వలేము.

ఇక మార్గం. కోటగుమ్మం దగ్గర బయలుదేరిన పోటీదారులు పైన రోడ్డూ కింద రైలూ ఉన్న వంతెన ఎక్కి కొవ్వూరు చేరి, అక్కడి నుంచి గట్టు వెంట విజ్జేశ్వరం దిగి, ఆనకట్ట మీదుగా మద్దూరులంక, బొబ్బర్లంక, పిచ్చుకలంకలను దాటుకుంటూ ధవళేశ్వరం వచ్చి, మళ్లీ గోదావరి ఒడ్డునే ఊరిలోకి చేరితే ఒక చుట్టు పూర్తవుతుంది. అది ముప్పయి కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది కనుక, ఏడు చుట్లు తిప్పితే ప్రపంచస్థాయి పందెపు దూరం వచ్చేస్తుంది. కాటన్ దొర 1852 నాటికి కట్టించిన ఆనకట్ట స్థానంలో వచ్చిన ఇప్పటి బ్యారేజీకి నాలుగు భాగాలలో కలిపి 175 గేట్లున్నాయి. చుట్టుకు ఒకసారి లెక్కపెట్టుకున్నా పోటీదారుకు విసుగు పుట్టదు. కొండలు లేవన్న అభ్యంతరం చెల్లదు. స్కెల్డ్ నది పేరుతో బెల్జియంలో 1907 నుంచి జరుగుతున్న స్కెల్డెప్రెయిస్ పందెం కూడా చదును నేల మీదిదే, అయినా చివరి రెండు వందల మీటర్ల దూకుడు చూడడానికి జనం విరగబడతారు.

చదును నేలలో కొండ చేసే పనిని గాలి చేస్తుంది. గుంపులో ఒకరి వెనుక ఒకరు నక్కి తొక్కితే ముందువాడు గాలిని చీల్చుతాడు, వెనుకవాడికి శ్రమలో మూడోవంతు దాకా మిగులుతుంది. గాలి పక్కనుంచి వీచినప్పుడు మాత్రం సరిగ్గా వెనుక నక్కితే లాభం లేదు. ఏటవాలుగా, కొడవలి ఆకారంలో, రోడ్డు అంచు నుంచి అంచుకు వరస కట్టాలి, ఆ వరసలో చోటు దొరకనివాడు వెనుకబడిపోతాడు. 1974లో తెరిచిన రోడ్డు కమ్ రైలు వంతెన మీద, నాలుగు కిలోమీటర్లకు పైగా ఎక్కడా చెట్టు నీడ లేని చోట, నది వెంట వచ్చే గాలి తగిలేది అలా పక్కనుంచే. ఈ శాస్త్రాన్ని గెలల సైకిలువాడు ఏ పుస్తకంలోనూ చదవలేదు, అయినా గాలి తిరిగినప్పుడు అతడు ఒరిగే తీరులో పొరపాటు ఉండదు. రైలు కిందనుంచి పోతుంది కనుక ఈ వంతెన మీద గేటు పడే బెడద కూడా లేదు. 2006 పారిస్–రూబే పందెంలో మూసిన రైల్వే గేటును దాటినందుకు రెండు, మూడు, నాలుగు స్థానాలలో వచ్చిన ముగ్గురినీ జాబితా నుంచి కొట్టివేశారు. గేటు పడగానే సైకిలును పక్కకు వంచి కిందనుంచి దూర్చడం కళగా వర్ధిల్లిన ప్రాంతంలో అటువంటి కఠినత్వం అమలైతే ఫలితాల పట్టిక ఖాళీగా మిగిలేది.

తేదీ విషయంలో తొందర తగదు. మే నెల ఎండకు రాజమహేంద్రవరంలో తారే మెత్తబడుతుంది. శ్రావణ భాద్రపదాలలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఎగురవేస్తారు. సమాఖ్య తన వాతావరణ నిబంధనలను ఈ మూడు అంకెలకు కుదించుకుంటే కాగితం ఆదా. సంక్రాంతికి హైదరాబాదు కార్లు రోడ్లను ఆక్రమిస్తాయి. రథసప్తమి వెళ్లిన తరువాత ఏదో ఒక ఆదివారం అన్నివిధాలా అనుకూలం. దారిలో ఆహారం అందించే చోటు కోసం వెతకనక్కర లేదు. బొబ్బర్లంక దగ్గర కుడివైపు తిరిగితే వచ్చే ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఐరోపా జట్లు జేబులలో బియ్యపు ముద్దలు పెట్టుకుని తొక్కుతున్న ఈ రోజులలో, పలుచని బియ్యపు రేకులో బెల్లమూ నెయ్యీ చుట్టిన పదార్థాన్ని క్రీడాహారం కాదనడానికి ఏ పోషకాహార నిపుణుడూ సాహసించడు. మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్ మాత్రం పోటీ ముగిశాకనే ఇవ్వాలి, లేకపోతే గుంపు అక్కడే ఆగిపోతుంది.

అసలు చిక్కు ఒక్కటే. ఎక్కడ సైకిల్ పందెం జరిగినా మొదట చేసే పని ఆ రోడ్డు మీద సైకిళ్లను ఆపివేయడం. మరమ్మతుల కోసం వంతెన మూయడం ఈ ఊరికి కొత్త కాదు, అప్పుడు కార్లు గోదావరి మీది నాలుగో వంతెన మీదుగా చుట్టు తిరిగిపోతాయి. సైకిలువాడు తిరగవలసిన ప్రతి అదనపు కిలోమీటరూ అతడి కాళ్లలోంచే రావాలి. పందెం రోజున విదేశీయుల సైకిళ్లకు దారి ఇవ్వడం కోసం ఈల వేసి ఆపేది ఇతడినే. ఆపినవారికి గాని, ఆగినవారికి గాని ఇందులో వింత ఏమీ తోచదు. కాబట్టి పోటీని ఉదయం తొమ్మిది గంటల తరువాత, పత్రికలూ పాలూ చేరిన పిమ్మట మొదలుపెట్టాలని మొదటి విన్నపం.

రెండవ విన్నపానికి సమాఖ్య నియమావళిలోనే ఆధారం ఉన్నది. అసలు పోటీ మొదలు కాకముందు కొన్ని కిలోమీటర్లు గుంపు అంతా అధికారి కారు వెనుక, దానిని దాటకుండా, నిదానంగా సాగే భాగాన్ని తటస్థ భాగం అంటారు. కోటగుమ్మం నుంచి కొవ్వూరు దాకా ఆ భాగాన్ని నిర్ణయించి, అధికారి కారుకు బదులుగా ఎనిమిది గెలలు కట్టిన ఒక సైకిలును ముందు నిలపాలని కోరడమైనది. వంతెన ఎక్కుడు దగ్గర ఆ గెలల సైకిలాయన అలవాటు ప్రకారం సైకిల్ దిగి నడిపించుకుంటూ పోతే, వెనుక ఉన్న నూటయాభైమంది వృత్తి సైక్లిస్టులూ తమ తమ సైకిళ్లు దిగి నడిపించుకుంటూ రావలసి ఉంటుంది, ఎందుకంటే తటస్థ భాగంలో ముందున్న బండిని దాటరాదన్న నియమం సమాఖ్య పెట్టినదే.